ఊరికొక్క కమ్మరి

మా అన్నయ్య మనవరాలు నర్సింగు చదువు ముగించి, ఇప్పుడు విశాఖపట్నంలో జర్మన్ భాష నేర్చుకుంటోంది. జర్మనీ ఆసుపత్రుల్లో నర్సులకు మంచి గిరాకీ ఉందట, భాష ఒక్కటి నాలుక మీదికి వస్తే మిగతావన్నీ వాళ్ళే చూసుకుంటారట. శనివారం వచ్చిందంటే కిరండూల్ రైలెక్కి అరకులో దిగుతుంది. నా అరుగు మీద గోడకు చేరగిలబడి, ఫోనులో పాఠం పెట్టుకుని, ఒకే వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ అప్పజెబుతుంది. బతుకంతా పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకున్న పంతులమ్మను కనుక ఆ రొద నాకు ఇబ్బంది కాదు, నిజానికి బాగుంటుంది కూడా. మొన్న అలాగే రాజ్మా కాయలు ఒలుచుకుంటూ వింటున్నాను. ఫోనులోని ఆడమనిషి "నా పేరు ష్మిట్" అంది. ఇదీ అంది. మళ్ళీ ఆవిడ, మళ్ళీ ఇది. కాసేపటికి దీనికే విసుగొచ్చింది. "ఈ పాఠాల్లో అందరూ ష్మిట్లే మామ్మా. డాక్టరు ష్మిట్, పక్కింటావిడ ష్మిట్, ఇల్లు అద్దెకిచ్చే ఆయన ష్మిట్. ఇంకో పేరే దొరకలేదేటి వీళ్ళకి?" అంది. "దొరక్కేం, ఆ దేశంలో ఆ పేరున్నవాళ్ళు అంతమంది ఉన్నారు. ష్మిట్ అంటే కమ్మరి" అన్నాను, చేతిలోని కాయ మీంచి చూపు తిప్పకుండా. ఫోను ఆగిపోయింది. "నీకెలా తెలుసు?" అంది. "వాళ్ళలో ఒకాయన మాకు సిన్నాన్న" అన్నాను. అది గబుక్కున లేచి వచ్చి నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. నర్సు కదా, అనుమానం ముందు జ్వరం మీదికే పోతుంది.

జ్వరం లేదని తేలాక దానికి చెప్పిన కథ ఇది. చెబుతున్నంతసేపూ అది పాఠం ఊసెత్తలేదు కనుక, బాగానే చెప్పి ఉంటాను.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్ళవి. అరకులోయకి రైలు ఇంకా రాలేదు. బొర్రా గుహల పక్కనుంచి ఒకరోజు రైలు పోతుందని ఎవరైనా చెబితే, వాడెక్కడో జీలుగు కల్లు గట్టిగా పట్టించి వచ్చాడనుకునేవాళ్ళం. మా ఊరు డుంబ్రిగుడకు ఎగువన, కొండ నడుమున. ఇళ్ళన్నీ గడ్డి కప్పులవి, మా ఇల్లు మాత్రం ఊరికి చివర, గాలివాలు చూసి కట్టినది. కొలిమి నిప్పురవ్వలు ఊరి కప్పుల మీద పడకూడదు గదా. చిన్నప్పుడు నాకు అది వెలి అనిపించలేదు, గొప్పనిపించేది. ఎందుకంటే ఊళ్ళోకి వచ్చే ప్రతి మనిషీ ముందు మా ఇంటి చప్పుడు విని గాని ఊరు చూసేవాడు కాదు. మాకు గోత్రం పేరు వేరే ఉంది. పెళ్ళిళ్ళప్పుడు తప్ప దాన్నెవరూ తలచరు. ఊరికీ, సంతకీ, చుట్టుపక్కల కొండలకీ మేము కమ్మరోళ్ళం, అంతే. పంట ఇంటికి రాగానే ప్రతి ఇంటివాళ్ళూ రాగులు, సామలు, కందులు తెచ్చి మా చేటలో పోసేవారు. బదులుగా ఎవరి గొడ్డలి మొద్దుబారినా, ఎవరి నాగటికర్రు అరిగినా మా అయ్య చూసుకోవాలి. ఇచ్చేవాళ్ళు ఇస్తున్నామని అనుకునేవారు కాదు, పుచ్చుకునే మాకూ తల వంచుకునే అవసరం ఉండేది కాదు.

అయ్య పొట్టి మనిషి. మాట పొదుపు, పంతం మాత్రం దండి. కొలిమి దగ్గర ఆయన ఇనుము పెట్టి కొట్టే దాగలి ముందు కూర్చుంటే, వెనక తిత్తుల మీద నేను నిలబడేదాన్ని. మా కొండల్లో తిత్తిని చేత్తో లాగరు, కాళ్ళతో తొక్కుతారు. రెండు చెక్క దొప్పలు, వాటి మీద బిగించిన తోలు, ఒక్కోదాని మీద ఒక్కో పాదం. ఒకటి తొక్కితే గాలి బొగ్గుల్లోకి పోతుంది, ఈలోగా రెండోదాన్ని పైన వంచి కట్టిన వెదురు బద్ద తాడుతో పైకి లాగుతుంది. తాళం తప్పితే మంట తప్పుతుంది, మంట తప్పితే అయ్య ఓ చూపు చూస్తాడు. రోజంతా నడిచి ఎక్కడికీ పోని పని అని మా అమ్మ ఎగతాళి చేసేది. నాకు పెళ్ళి మాటలు మొదలయ్యే వయసు అప్పుడు. చూడ్డానికి వచ్చేవాళ్ళకి నా పాదాలు చూపించకూడదని నానమ్మ తెగ తాపత్రయపడేది. అవి మగవాడి పాదాల్లా చదునుగా, గట్టిగా ఉండేవి. ఇప్పటికీ అలాగే ఉన్నాయి. చెప్పుల షాపువాడు చూసి భయపడతాడు.

అన్నయ్య నాకంటే కాస్త పెద్ద. మా ఊరినుంచి చదువు కోసం కొండ దిగిన మొదటివాడు. కింద మైదానంలో హాస్టల్లో ఉండి పెద్ద బడిలో చదివేవాడు. అక్కడి పిల్లలు చెడ్డవాళ్ళేం కాదు, కానీ పిల్లలు గదా. ఎవరి పెట్టె తాళం పట్టేసినా, ఏ బెంచీ మేకు ఊడినా, "కమ్మరోణ్ణి పిలవండ్రా" అని అరిచి నవ్వేవారట. రోజూ అదే నవ్వు. మా ఇంట్లో రోజూ వినే మాటే అక్కడ తిట్టయిపోయిందని వాడికి కడుపులో మంట. ఆ ఏడు చైత్రమాసంలో సెలవులకు వచ్చి, అంబలి తాగుతూ చెప్పేశాడు. పెద్ద పరీక్షకి పంపే పేరే ఇక జన్మంతా ఉంటుందని, తర్వాత మార్చుకోవడం కుదరదని బళ్ళో చెప్పారట. సెలవులయ్యాక పేరు ఇవ్వాలట. "కమ్మరి అని ఇవ్వను. గోత్రం పేరు పెట్టుకుని ఎనకాల రావు అని తగిలించుకుంతాను. అలాగైతే ఎవుడూ నవ్వడు" అన్నాడు.

అయ్య అప్పుడు కాలిన కొడవలి పట్టుకుని ఉన్నాడు. దాన్ని నీళ్ళ తొట్టిలో ముంచాడు. అది చుయ్యిమంది. అప్పుడన్నాడు, "పేరొద్దన్నోడికి దెబ్బ లేదు" అని. అన్నయ్య తాగుతున్న అంబలి కింద పెట్టేశాడు.

ఈ దెబ్బ సంగతి చెప్పాలి. చైత్రంలో మా కొండల్లో ఇటుకల పండగ వస్తుంది. మగవాళ్ళంతా అడవికి వేటకు పోతారు. పోయే ముందు ఊరి కత్తి తయారవ్వాలి. అది ఒక ఇంటిది కాదు, ఊరందరిదీ. అమ్మవారి కొండకు దారి కొట్టడానికి ముందు నడిచేవాడి చేతిలో ఉండేది అదే. ఏటేటా కొత్త ఇనుముతో చెయ్యాలి. దాని మీద కమ్మరింట్లో పుట్టినవాళ్ళు, ఆ ఇంటికి మెట్టినవాళ్ళు, ముసలీ ముతకా ఆడా మగా అందరూ తలో దెబ్బ వెయ్యాలి, అదీ ఒకే కాకలో. నిప్పులోంచి ఒకసారి ఎర్రగా తీసిన ఇనుము మళ్ళీ నిప్పులోకి పోకూడదు. అది నల్లబడేలోగా ఇంటిల్లిపాదీ చెయ్యి పడిపోవాలి. పడలేదా, ఆ కత్తి పనికిరాదు, ఆ ఏటికి వేట ఆగిపోతుంది, ఊరు మా వైపు అదోలా చూస్తుంది. దెబ్బ వేసినవాడు ఆ ఇంటివాడు. వెయ్యనివాడు ఎక్కడ పుట్టినా పరాయివాడే. అయ్య అన్న మాటకు అర్థం అది. కోపంలో అన్నాడు, నిజమే, కానీ అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు ఆయనకు పుట్టుకతో లేదు. నానమ్మ ఓ మూల, అమ్మ ఓ మూల ముక్కు చీదుకుంటూ కూర్చున్నారు. నేను తిత్తుల మీద నిలబడి ఏ కాలు ముందు వెయ్యాలో మరిచిపోయాను.

సరిగ్గా ఆ వారమే అమ్మ పాదం మీద కాలిన బొగ్గు పడింది. ఆకు పసరు వేసినా పుండు మానలేదు. కోరాపుట్ వైపు ఆసుపత్రి నుంచి ఒక తెల్ల డాక్టరు జీపులో వచ్చి, డుంబ్రిగుడ సంతలో చెట్టుకింద బల్ల వేసుకుని వైద్యం చేస్తున్నాడని విని, అయ్యా నేనూ అమ్మను నడిపించుకుని తీసుకుపోయాం. సంత అంటే అప్పట్లో ఇప్పటిలా ప్లాస్టిక్కు బకెట్ల సంత కాదు. కొండవాళ్ళ చింతపండూ కరక్కాయలూ అడ్డాకులూ ఒక పక్క, కిందినుంచి వచ్చిన సావుకార్ల ఉప్పూ ఎండుచేపలూ కిరసనాయిలూ ఇంకో పక్క. ఆ వాసనల మధ్య ఆయన పొడుగ్గా, ఎండకు చింతపండు రంగు తిరిగిన మొహంతో కూర్చుని ఉన్నాడు. చాలా ఏళ్ళుగా కొండల్లో ఉన్నాడట, మా సంతల్లో అందరూ మాట్లాడుకునే ఒడియా గడగడా మాట్లాడేవాడు. ఆ మాటల్ని నేనిక్కడ మా ఇంటి తెలుగులోనే రాస్తున్నాను. అమ్మ పుండు కడుగుతూ, "ఇలా ఎలా కాలింది? మీరేం పని చేస్తారు?" అని అడిగాడు. "కమ్మరోళ్ళం దొరా" అంది అమ్మ. ఆయన కడగడం ఆపి, నవ్వి, "నేనూ కమ్మరినే. నా ఇంటిపేరు ష్మిట్. మా భాషలో కమ్మరి అని" అన్నాడు.

ఇంకెవరైనా అయితే ఓహో అని నవ్వి ఊరుకునేవారు. మా అయ్య ఊరుకునే మనిషి కాదు. మా కొండల్లో కమ్మరి కమ్మరిని కలిస్తే ఊరడగడు, గోత్రమడగడు. "ఎవరి నిప్పు?" అని అడుగుతాడు. కొడుకు వేరే ఊరికి కమ్మరిగా పోయేటప్పుడు తండ్రి కొలిమిలోంచి నిప్పు కుండలో పెట్టుకుని పోయి, దానితోనే కొత్త కొలిమి వెలిగిస్తాడు. అందుకని నిప్పు దారి పట్టుకుని వెనక్కి పోతే ఎవడు ఎవడికి అన్నో తమ్ముడో తేలిపోతుంది. అయ్య నిటారుగా నిలబడి అదే అడిగాడు, "మీది ఎవుల నిప్పు దొరా?" డాక్టరుకి అర్థం కాలేదు. అర్థమయ్యాక, "తెలియదు" అన్నాడు. అయ్య కాసేపు ఆలోచించాడు. సముద్రం అవతలివాడు, దూరాభారం, తెలియకపోవడం వింతేం కాదు. కమ్మరినని తన నోటితోనే చెప్పాక కాదనడానికి మనమెవరం అనుకున్నాడు కాబోలు, ఆయన నెరిసిన జుట్టు చూసి, తన జుట్టు తడుముకుని, వయసు లెక్క కట్టి, "అయితే నువ్వు నాకు తమ్ముడివి. ఒలే గుంటా, సిన్నాన్నకి దండం పెట్టు" అన్నాడు నాతో. నేను పెట్టాను. సంతలో ఉప్పు సావుకారు పగలబడి నవ్వాడు. డాక్టరు నవ్వలేదు. లేచి అయ్యకి తిరిగి దండం పెట్టాడు. అందుకే ఆయనంటే నాకు ఈనాటికీ గౌరవం.

అమ్మకి కట్టు మార్చడానికి ఆయన మరోరోజు మా ఊరే వచ్చాడు. జీపు కింద వదిలి కొండెక్కి వచ్చాడు. కట్టయ్యాక కొలిమి పంచలో కూర్చోబెట్టి రాగి అంబలి ఇచ్చాం. జీలుగు కల్లు కూడా ముందు పెట్టాం. దాని వంక ఓసారి ఆశగా చూసి అంబలే తాగాడు. అన్నయ్య లోపలి గది గుమ్మంలో, ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, ఎటూ కాకుండా నిలబడ్డాడు. అయ్య సంగతిలోకి దిగాడు. "తమ్ముడా, మీ దేశంలో మనోళ్ళు ఎంతమందున్నారేటి?"

"చాలామంది" అన్నాడు డాక్టరు. "పిండిమర వాళ్ళ పేరు ఒకటుంది, మ్యూలర్ అని. లెక్కకి వాళ్ళు ముందు, తర్వాత మేము. కానీ మా పేరును తలో రకంగా రాసుకుంటారు. ష్మిట్, ష్మిడ్, ష్మిట్స్ అని. ఆ రాతలన్నీ ఒక్కటిగా కలిపితే మేమే ముందు." ఈ ముక్క చెప్పేటప్పుడు ఆ పెద్దమనిషి ఛాతీ కాస్త విరుచుకోవడం నా కళ్ళతో చూశాను. కమ్మరి రక్తం ఎక్కడికి పోతుంది.

అయ్యకి దిగులు పట్టుకుంది. "అంతమంది కమ్మర్లయితే దున్నేదెవులు? మీకు గింజలెవులు కొలుత్తారు? ఊరికి ఎంతమందుంతారేటి?"

"ఊరికి ఒక్కడే" అన్నాడు డాక్టరు.

"ఒక్కడే అయితే దేశం నిండా ఎలగుంతారు?"

అప్పుడాయన కర్ర పుల్లతో నేల మీద ఊళ్ళు గీసి చెప్పిన మాట నాకింకా చెవిలో ఉంది. పాతకాలంలో వాళ్ళకీ ఇంటిపేర్లు లేవట. పిలిచే పేరు ఒక్కటే. ఒకే పేరు ఊళ్ళో నలుగురైదుగురికి ఉండి ఎవరెవరో తెలియక తికమకైపోతే, పనిని బట్టి పిలవడం మొదలుపెట్టారట. బట్టలు కుట్టేవాడు, బండ్లు చేసేవాడు, పిండి పట్టేవాడు, ఇనుము కొట్టేవాడు. "దున్నేవాడు అంటే ఊరంతా తిరిగి చూస్తుంది. కమ్మరి అంటే ఒక్కడే తిరిగి చూస్తాడు. వేలు పెట్టి చూపించినట్టు. కమ్మరి లేకుండా ఊరు ఉండలేదు, ఇద్దరు కమ్మర్లు ఊరికి అక్కర్లేదు. అందుకని ప్రతి ఊళ్ళోనూ ఒకే ఒక్కడికి ఆ పేరు నిలిచింది. ఊళ్ళన్నీ కలిశాక చూస్తే దేశం నిండా ఉన్నాం" అన్నాడు.

అయ్య ఆ గీతల వంక చాలాసేపు చూశాడు. డుంబ్రిగుడ చుట్టూ ఉన్న ఊళ్ళన్నిటినీ, ఊరికొక్క కొలిమి పొగనీ మనసులో పెట్టుకుని చూస్తున్నాడని నాకు తెలుసు. ఆయన మొహంలో ఒక వెలుగు వచ్చింది. నేనూ అప్పుడే మొదటిసారి ఊరి చివర మా ఇంటి దగ్గర నిలబడి చుట్టూ చూసినట్టు అయింది. ఎన్ని కొండలు, ఎన్ని ఊళ్ళు, ఊరికొక్కటి చొప్పున ఎంత చప్పుడు!

అంతలోనే అయ్య అడిగాడు, "నువ్వు డాక్టరువి గదా. మరి మీ ఇంట్లో కొలిమి ఎవులు నడుపుతన్నారు?" ఎవరూ లేరన్నాడాయన. తండ్రి పంతులట, తాత కూడా సుత్తి పట్టినవాడు కాదట. పట్టిన ముత్తాత ఎవరో ఎవరికీ తెలియదట. అయ్య నిర్ఘాంతపోయాడు. "దెబ్బెయ్యకుండా ఆ పేరెలగుంచుకున్నారు? ఎవులుంచుకోనిచ్చినారు?"

డాక్టరు నవ్వబోయి ఆగాడు. "ఇంతవరకూ ఎవరూ అడగలేదు" అన్నాడు.

"నానడుగుతన్నాను గదా" అన్నాడు అయ్య.

కొండ మీద ఒక కమ్మరి, సీమనుంచి వచ్చిన డాక్టరుని నీ పేరు నీదెలా అయిందని నిలదీయడం! గుమ్మంలో అన్నయ్య ఒక అడుగు ముందుకు వేశాడు, అయ్య తల పోయే మాట ఏదో అనేశాడన్నట్టు. అయ్య పట్టించుకోలేదు. "పండగనాడు రా. మా ఇంటోళ్ళతో పాటు ఒక దెబ్బెయ్యి. ఆ పేరు నీదేనని నాను సెబుతాను" అన్నాడు. డాక్టరు క్రైస్తవుడు, మాది అమ్మవారి పండగ. "నేను పూజలో నిలబడను" అన్నాడు, "పనిలో నిలబడతాను." పనే కావాలి అన్నాడు అయ్య. ఆయన కొండ దిగిపోయాక అన్నయ్య ఒక్క మాట అన్నాడు, "ఆయనకి దెబ్బ ఇత్తావు, నాకియ్యవా?" అని. "ఆయన పేరు నిలుపుకుంతానన్నాడు. నువ్వొద్దన్నావు" అన్నాడు అయ్య. ఇద్దరూ పంతంలో ఒకరికొకరు తీసిపోరు. ఆ పండగ మూడు నాళ్ళూ దాటితే అన్నయ్య మళ్ళీ మైదానానికి పోతాడు, కొత్త పేరుతో, మా కొలిమికి పరాయివాడిగా. ఆ తర్వాత వాడు ఇంటికి వచ్చినా చుట్టంలా వస్తాడు. అది తలచుకుని నేనెంత ఏడ్చానో తిత్తులకే తెలుసు.

పండగనాటి ఉదయం ఊరంతా మా ఇంటి ముందు చేరింది. డప్పులు కొలిమికి దూరంగా ఆగాయి, సుత్తి చప్పుడు మధ్యలో వేరే చప్పుడు కలవకూడదని. డాక్టరు చొక్కా చేతులు మోచేతులదాకా మడుచుకుని వచ్చాడు. అన్నయ్య తెల్ల చొక్కాతో గుంజకు ఆనుకుని, మాతో కాకుండా ఊరివాళ్ళతో పాటు నిలబడ్డాడు. నేను తిత్తుల మీదికెక్కాను. బొగ్గులు ముందు ఎరుపెక్కి, తర్వాత ఎండ రంగు తేలాయి. అయ్య పటకారుతో ఇనుము తీసి దాగలి మీద పెట్టాడు. నానమ్మ వణికే చేతుల్తో సుత్తి ఎత్తి వేసింది. అయ్య వేశాడు. అమ్మ కట్టుతోనే కుంటుకుంటూ వచ్చి వేసింది. నేను తిత్తి దిగి పరుగున వచ్చి వేశాను. వయసు వరస ప్రకారం అయితే డాక్టరుది ముందే రావాలి, కానీ ఇంట్లో కొత్తవాడు ఆఖర్న వెయ్యడం మా పద్ధతి. అయ్య సుత్తి ఆయన చేతికిచ్చి, "వెయ్యి తమ్ముడా" అన్నాడు.

పాపం, ఆయన భుజం బలంతో వేశాడు. సుత్తిని దాని బరువు మీద వదలాలని తెలియదు. దెబ్బ అంచు మీద పడింది. కత్తి మొన వంకర తిరిగి, పటకారులోంచి జారి నేల మీద పడింది. ఇనుము అప్పటికే ముదురు ఎరుపులోకి దిగుతోంది, నిప్పులోకి మళ్ళీ పెట్టడానికి లేదు. అయ్య పటకారుతో దాన్ని అందుకుని దాగలి మీదికి చేర్చాడు గానీ, రెండు చేతులా పట్టి తిప్పుతూ ఉంటే కొట్టడానికి ఇంకో మనిషి కావాలి. నానమ్మకి బలం లేదు, అమ్మ కుంటుతోంది, నాకు అంత నేర్పు లేదు. డాక్టరు తెల్లబోయి, సుత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అయ్య తలెత్తి ఎవరినీ పిలవలేదు. ఆ నిమిషంలో కూడా పిలవలేదు.

డాక్టరు చేతిలోంచి సుత్తి ఎవరో లాక్కున్నారు. చూస్తే అన్నయ్య. "తిప్పు, అయ్యా!" అన్నాడు. అయ్య తిప్పాడు. వాడు వేశాడు. "ఇంకా!" అన్నాడు, అయ్య మళ్ళీ తిప్పాడు. ఆ ఇద్దరూ మాట్లాడుకుని వారం దాటింది. చేతులు మాత్రం నిన్నటిదాకా కలిసి పనిచేసినట్టే ఉన్నాయి. రవ్వలు లేచి తెల్ల చొక్కా మీద పడుతుంటే వాడు కళ్ళార్పలేదు. ఇనుము నల్లబడే వేళకి మొన సూటిగా నిలిచింది. అయ్య దాన్ని నీళ్ళలో ముంచాడు. చుయ్యిమంది. ఆ చప్పుడు తగ్గేలోపే డప్పులు అందుకున్నాయి. నేను మళ్ళీ తిత్తుల మీదికెక్కి, పని లేకపోయినా తొక్కుతూ నిలబడ్డాను. ఆనందం పట్టలేకపోతే మనిషి ఏం చేస్తాడు మరి.

డాక్టరు సిగ్గుపడుతూ, "పాడుచేశాను కదూ" అన్నాడు. "నువ్వు పాడుసెయ్యబట్టే ఈడు వొచ్చినాడు" అన్నాడు అయ్య. తర్వాత డాక్టరుకీ అన్నయ్యకీ ఒకే ఆకులో పెట్టి తినిపించాడు, ఇంటివాళ్ళకి పెట్టినట్టు. పేరు నీదేనని ఊరందరి ముందు చెప్పాడు. డాక్టరు ఆ మాట విని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. పొగ వల్లే అనుకుందాం.

సెలవులయ్యాక అన్నయ్య రవ్వల చిల్లులు పడ్డ ఆ చొక్కాతోనే కొండ దిగాడు. అమ్మ కుడతానంటే ఒప్పుకోలేదు. బళ్ళో పేరడిగితే గట్టిగా చెప్పాడట, కమ్మరి అని. ఎవరో వెనక నవ్వితే తిరిగి, "నవ్వుకోండి. సముద్రం అవతల ఒక దేశం నిండా మా వాళ్ళే ఉన్నారు" అన్నాడట. దాన్ని ఎవరూ నమ్మి ఉండరు, కానీ అంత ధీమాగా అబద్ధం చెప్పగలవాణ్ణి ఏడిపించి లాభం లేదని మానేశారు. తర్వాత వాడు పంతులయ్యాడు, హెడ్మాస్టరయ్యాడు. వాడి గది గుమ్మం మీది పేరుపలకలో అన్నిటికన్నా ముందుండే ముక్క కమ్మరి. వాణ్ణి చూసే నేనూ చదువు మొదలుపెట్టి పంతులమ్మనయ్యాను. డాక్టరు కొన్నేళ్ళకు తన దేశం వెళ్ళిపోయాడు. పోయేముందు కొండెక్కి వచ్చి అయ్య చేత ఒక బాణం ములికి చేయించుకుని, జేబులో వేసుకుని పోయాడు. ఆ తర్వాత అయ్యకి సంతలో పట్టపగ్గాల్లేవు. ఉప్పు సావుకారు ఆటపట్టించడానికి, "ఏటి కమ్మరోడా, మీ సీమ సుట్టాలు బాగున్నారేటి?" అని అడిగితే, "అక్కడ వానలు బాగా పడుతున్నాయంట" అని నిబ్బరంగా చెప్పేవాడు. ఎవరు చెప్పారో మాకూ తెలియదు. పోయేదాకా ఆయన లెక్కలో ఆ దేశంలో ప్రతి ష్మిట్టూ మా ఇంటివాడే.

ఇప్పుడు ఆ కొలిమి అన్నయ్య రెండో కొడుకు నడుపుతున్నాడు. తిత్తులు లేవు, కరెంటు పంకా గాలి ఊదుతుంది. అరకులో హోటళ్ళకి గేట్లు, కాఫీ తోటలకి కత్తులు చేస్తాడు. అయినా చైత్రం వస్తే ఊరి కత్తి మాత్రం ఒకే కాకలో అవుతుంది. ఈ మనవరాలూ చిన్నప్పట్నుంచీ వేస్తూనే ఉంది తన దెబ్బ, ఎందుకో తెలియకుండానే.

కథంతా విని మనవరాలు ఫోను పక్కన పెట్టి, నా పాదాలు చూస్తూ కూర్చుంది. అప్పుడడిగింది, "మామ్మా, అక్కడికెళ్ళాక నా పేరు వాళ్ళకి నోరు తిరగదు. ఏమని చెప్పాలి?" అని. "ముందు నువ్వే వాళ్ళ పేరడుగు. ష్మిట్ అన్నారనుకో, దెబ్బ వేశారా అని అడుగు. వెయ్యలేదంటే చైత్రంలో ఇక్కడికి రమ్మను" అన్నాను. అది పకపకా నవ్వి, మళ్ళీ పాఠం పెట్టింది. ఫోనులో ఆవిడ "నా పేరు ష్మిట్, మీ పేరేమిటి?" అంది. ఇది ఈసారి ఆవిడ మాటను అప్పజెప్పలేదు. జర్మన్ లోనే, గొంతెత్తి, తన పేరు చెప్పింది. కమ్మరి అన్న ముక్క ముందు పెట్టి చెప్పింది.

అయ్య ఆనాడు నిప్పులోంచి తీసిన ఇనుము మీద మా వంతు దెబ్బలు మేము వేసేశాం. ఇన్నేళ్ళు గడిచినా, తర్వాతివాళ్ళ దెబ్బల కోసం, నా కళ్ళకి అది ఇంకా ఎర్రగానే ఉంది.